అర మిల్లీమీటరు దగ్గర అబద్ధం వద్దు

కడప వై.వి. స్ట్రీట్‌లో పేకముక్కల్లో పెట్టేకి పల్చటి మాగ్నెట్ కావాలని అడిగి చూడండి. "అందర్ బాహర్‌లో ఎవుర్ని ముంచేకిబ్బా?" అంటారు. నన్ను ముగ్గురు అడిగినారు. ఒకాయన పక్కంగడాయన్ను పిలిచి మరీ చూపించినాడు. నేను బళ్లలో పిల్లోళ్లకు మ్యాజిక్ చేసేవాణ్ని. డబ్బు పెట్టి పేక ఆడింది లేదు. ఆ చూపులు నాకు నిజంగా బాధే.

అంతకంటే పెద్ద బాధ ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లతో. "చాలా పల్చన, చాలా పవర్" అని రాస్తారు. మందం రాయరు, గ్రేడ్ (బలం ఎంతో, వేడికి ఎంత తట్టుకుంటుందో చెప్పే గుర్తు) రాయరు. ఒకచోట 0.5 మిల్లీమీటర్లని రాసుంటే ఇరవై బిళ్లలు తెప్పించినా. పల్చటి వాటి మందం కొలిచే స్క్రూ గేజ్‌లో పెట్టి చూస్తే అన్నీ 1 మిల్లీమీటరు. వాపసు అడిగితే "ఇంకా గట్టిగా పట్టుకుంటుంది కదా సార్" అని జవాబు!

ఆ అర మిల్లీమీటరే మాకు అన్నీ. పేకముక్క మందం దాదాపు 0.3 మిల్లీమీటర్లు. కాగితంతో చేసిన పేకముక్కను మూల దగ్గర గోరుతో మెల్లగా విడదీస్తే రెండు పొరలుగా వస్తుంది. ఒక ముక్క మొగం పొర, ఇంకో ముక్క వీపు పొర తీసుకుని, నడుమ మాగ్నెట్ పట్టేంత బొక్క కోసిన, బిళ్లంత మందం అట్ట పెట్టి అతికించాల. ఆ అట్ట లేకపోతే బిళ్ల ఉన్నచోట బుడిపె తేలుతుంది. బిళ్ల 0.5 అయితే మొత్తం 0.8, కట్టలో కలిసిపోతుంది. బిళ్ల 1 అయితే మొత్తం 1.3, నాలుగు ముక్కలు పేర్చినంత. ముందు వరుసలో కూర్చున్న అయిదో తరగతి పిల్లోడు కూడా పట్టేస్తాడు.

ప్రింటింగ్ ప్రెస్సుల్లో ఫ్రిజ్ క్యాలెండర్లకు వాడే రబ్బరు మాగ్నెట్ షీటు కూడా చూసినా. పల్చగానే ఉంటుంది కానీ, నడుమ రెండు కాగితాలు అడ్డమొస్తే పట్టు జారిపోతుంది. పాత ఫోన్ల ఫ్లిప్ కవర్లు కోసి తీసినవి మందం. చివరికి నియోడిమియం అనే లోహం కలిపి చేసే బలమైన మాగ్నెట్ బిళ్లలే గతి. అవి పల్చనయ్యే కొద్దీ బలం తగ్గుతుంది, చేయి జారితే పెంకులా పగులుతాయి. ఇంకోటి, మామూలు గ్రేడ్‌వి 80 డిగ్రీలు దాటితే బలం కోల్పోతాయి. ఇది తెలీక, జిగురు గట్టిగా పట్టాలని ఇస్త్రీపెట్టె పెట్టి మూడు రోజుల పని పాడుచేసుకున్నా. గ్రేడ్, వేడి ఎంతవరకు తట్టుకుంటుందో ఒక్క లైన్ రాసుంటే ఆ మూడు రోజులు మిగిలేవి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఒక మాట. ప్రతి ట్రిక్కుకూ ముక్కలో మాగ్నెట్టే ఉండాలని లేదు. ముక్కలో ఇనుప రేకు, మాగ్నెట్ వేరేచోట ఉంటే చాలా పనులు జరుగుతాయి. ఆ వేరేచోటు యాడో ఇక్కడ రాయను, మా విద్యకు అంత మర్యాద ఇవ్వాల. రేకు కోసం బైక్ మెకానిక్ దగ్గరికి పోండి. ఇంజిన్‌లో టాపెట్ సందు సెట్ చేసేకి వాడే పల్చటి రేకుల కట్ట, ఫీలర్ గేజ్‌లో 0.05 మిల్లీమీటర్ల ఉక్కు రేకు ఉంటుంది. మాగ్నెట్‌కు చక్కగా అతుక్కుంటుంది, ముక్క మందం పెరిగినట్టే అనిపించదు. వంటింటి స్టీలు చాలావరకు అతుక్కోదు, దానికోసం తిప్పలు పడొద్దు. ముక్కే ముక్కను లాగాల్సిన ట్రిక్కులకు మాత్రం పల్చటి మాగ్నెట్ తప్పదు.

ఇంత బలమైన బిళ్లల్ని కొందరు పిల్లల బొమ్మల కింద పెట్టి అమ్ముతున్నారు. అది చూస్తే ఒళ్లు మండుతుంది. పసిపిల్లలు రెండు మింగితే పేగుల గోడలు నడుమ ఇరుక్కునేలా అవి ఒకదానికొకటి అతుక్కుంటాయి, పేగుకు చిల్లు పడుతుంది. మందం రాయనోడు ఈ హెచ్చరిక రాస్తాడా? నా ముక్కలు ప్రదర్శన అయిపోగానే లెక్కపెట్టి డబ్బాలో పెట్టి తాళం వేస్తా.

కడపలో గానీ ప్రొద్దుటూరులో గానీ 10 మిల్లీమీటర్ల వెడల్పు, 0.5 మందం బిళ్లలు విడిగా అమ్మే అంగడి ఉంటే చెప్పండి. స్క్రూ గేజ్ నేనే తెచ్చుకుంటా. అంగట్లోనే కొలిచి, డబ్బులిచ్చి తీసుకుంటా.