24 ఉలుల సెట్టు కొనిపించే మహానుభావులకు

పొద్దున్నే ఒక కుర్రాడు ఫొటో పెట్టాడు. 12 ఉలుల సెట్టు, పక్కన సగం చెక్కిన చెక్క ఏనుగు. "అన్నా, తర్వాత ఏం కొనాలి?" అని అడిగాడు పాపం. కింద జవాబులన్నీ ఒకటే పాట: "24 పీసుల సెట్టు తీసుకో బ్రో, ఆఫర్ నడుస్తోంది." ఆహా! ఉన్న పన్నెండులో వాడు వాడేది నాలుగు. ఇంకో ఇరవై నాలుగు తెస్తే పెట్టెలో నిద్రపోయేవి పెరుగుతాయి.

ఆఫర్ వైపు కాదయ్యా, ఏనుగు వైపు చూసి చెప్పండి. వీపంతా దుక్కి దున్నినట్టు చాళ్లు. ఎందుకు? సన్నటి, వంపు ఎక్కువున్న గౌజ్‌తో, అంటే అంచు కాలవలా వంగిన ఉలితో నున్న చేయబోయాడు కాబట్టి. దానికి కావాల్సింది 3 నంబరు (నంబరంటే అంచు వంపు), 16 లేదా 20 మి.మీ. వెడల్పుది, ఒక్కటి. కాళ్ల మధ్య చెక్క తియ్యలేక ఆగిపోయాడు. అక్కడ 9 నంబరు, 10 మి.మీ., పొడుగు పిడిది, కొయ్య సుత్తితో కొట్టేది కావాలి. గ్రెయిన్‌కి, అంటే చెక్క నారకి అడ్డంగా కొడితే పెచ్చులు ఎక్కడికక్కడ తెగి వస్తాయి. గ్రెయిన్ వెంట లోతుగా కొట్టారో, చీలిక కాలు దాటి పొట్టదాకా పోతుంది. అరచేతిలో పట్టే బుజ్జి ఉలిని సుత్తితో కొట్టమని సలహా ఇచ్చినాయన కూడా ఉన్నాడు. పిడి చీలితే కొత్తది ఆయనే కొనిస్తాడేమో!

చెవి వెనక మూలకి ఫిష్‌టెయిల్ (చేపతోకలా ఉండే ఉలి), 8 మి.మీ. చాలు. మెడ సన్నం, అంచు వెడల్పు కాబట్టి ఇరుకులోకి దూరుతుంది. సాన పట్టేకొద్దీ అంచు వెడల్పు తగ్గిపోతుంది, అందుకే దాన్ని మోటు పనికి వాడకూడదు. స్పూన్ బెంట్ (కొస దగ్గర చెంచాలా వంగిన ఉలి) ఇప్పుడు అక్కర్లేదు. గిన్నెలా లోతుగా తొలిచేటప్పుడు మామూలు ఉలి కాడ అంచుకి తగులుతుంటే, ఆ రోజు కొనుక్కోవచ్చు.

అంటే మూడు. ఇరవై నాలుగు కాదు, మూడు.

నంబరంటే సైజు అనుకునే పండితులకి వేరే దండం. నంబరు వంపుకి, మిల్లీమీటర్లు వెడల్పుకి. 3 దాదాపు చదును, 9 అర్ధచంద్రం, 11 లోతైన కాలవ. 7 నంబరే అయినా 6 మి.మీ.దీ 20 మి.మీ.దీ ఒకే గుండ్రం గీయవు. వెడల్పు పెరిగితే వృత్తమూ పెరుగుతుంది. ఇది తెలియకుండా "7 ఉందిగా, చాలు" అంటారు.

అసలు ఈ సెట్ల భక్తుల్లో ఎంతమంది దగ్గర పదును నిలిపే తోలుపట్టీ, దానికి రాసే ఆకుపచ్చ పాలిష్ ముద్ద ఉన్నాయి? పదును పోగానే ఉలి చెడ్డదంటారు, లేదా గ్రైండర్‌కి పెట్టి అంచు నీలం చేస్తారు. నీలం తిరిగిందంటే ఉక్కు టెంపర్, అంటే గట్టిదనం పోయినట్టే, ఆ నీలం భాగం మొత్తం అరిగేదాకా ఎంత నూరినా పదును నిలవదు. మెత్తని పొణికి కర్రకి 20 డిగ్రీల అంచు హాయిగా తెగుతుంది, అదే అంచు టేకు మీద పెడితే పెచ్చులూడుతుంది. టేకులో సిలికా ఉంటుంది, ఉలిని తినేస్తుంది. అక్కడ 25 డిగ్రీలైనా ఉండాలి.

పొణికి అంటే గుర్తొచ్చింది. వేలు పోసి సెట్టు కొనే ఈ చేతులే ఎగ్జిబిషన్‌లో కొండపల్లి బొమ్మ దగ్గర "ఇంత చిన్నదానికి ఇంతా?" అని బేరమాడతాయి. పొణికి కర్ర ఆరబెట్టాలి, ముక్కలు చెక్కాలి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతకాలి, సున్నం పూయాలి, ఆపైన రంగులు. చెక్కేవాళ్ల ముందు పరిచి ఉన్న పనిముట్లు ఎప్పుడైనా లెక్కపెట్టారా? రంపం, ఆకురాయి, కాసిని ఉలులు. అక్కడ ఆఫర్ లేదు మరి, అందుకే బేరం! చెక్క శిల్పాల ఊరు మాధవమాలలో ఎర్రచందనం దేవుణ్ణి చూసి "మెషీన్ మీద తీసిందేగా" అనేవాళ్ల గురించి ఇంకోసారి, ఇప్పుడు బీపీ పెంచుకోలేను.

అన్నట్టు తమ్ముడూ, ఫొటోలో నీ వీ-టూల్ (అంచు V అక్షరంలా ఉండే ఉలి) చూశాను. రెండు రెక్కలు కలిసేచోట ముక్కులా పొడుచుకొచ్చింది. రెక్కల్ని రెండు వేరు ఉలులనుకుని సమానంగా నూరు, తర్వాత కింద కలిసే గీతని సానరాయి మీద అటూ ఇటూ దొర్లిస్తూ కాస్త గుండ్రం చెయ్యి. మరీ ఎక్కువ నూరితే అక్కడే నొక్కు పడుతుంది, జాగ్రత్త. చెవి మడతలు తెగకుండా చిరుగుతున్నది దానివల్లే.