రన్‌వే ఫేసింగ్ ప్లాటు

గోదావరి డెల్టాలో ఊరూరా కాటన్ దొర విగ్రహం కనిపిస్తుంది గానీ, మా ఊరి గడ్డి రన్‌వేకి చిన్న శిలాఫలకం కూడా లేదు. ఈ చారిత్రక అన్యాయం మీద ఇంకెవరూ రాయరని తేలిపోయింది కాబట్టి నేనే రాస్తున్నాను.

తాడేపల్లిగూడెంలో ఉన్నది రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు కాకినాడ మీద బాంబులేసిన కాలం అది, అప్పట్లో రన్‌వేలు వేశారంటే అర్థముంది. మా కామందు గారు సొంత పొలంలో రన్‌వే వేయించడానికి కారణం వేరు. పక్కూరి కామందు కారు కొన్నాడు.

పొడవు 600 మీటర్లు, వెడల్పు 30, అంటే దగ్గర దగ్గర నాలుగున్నర ఎకరాలు. చిన్న సెస్నా విమానానికి ఆ మాత్రం చాలు, నేల గట్టిగా ఉంటే. మాదేమో నల్ల బంకమట్టి. వానాకాలం అడుగేస్తే కాలు మనతో వస్తుంది, చెప్పు అక్కడే ఉంటుంది. ఎండాకాలం పిడికిలి పట్టేంత నెర్రెలు. మధ్యలో మిగిలేది సంక్రాంతికి అటూ ఇటూ కొన్నాళ్లు, అప్పుడు అంత చదునైన నేల ఊరికే ఉంటే కోడిపందాల వాళ్లు ఊరుకుంటారా?

కోళ్లంటే గుర్తొచ్చింది. 1937 నాటి విమాన నిబంధనల్లో 91వది ఏమంటుందంటే, విమానాశ్రయానికి పది కిలోమీటర్ల లోపు సరైన ఏర్పాట్లు లేకుండా జంతువుల్ని కోయకూడదు, చెత్త వేయకూడదు, పక్షులు చేరి విమానానికి తగులుతాయని. బాగానే ఉంది, మరి ఆదివారం కోడిని పదకొండో కిలోమీటరు దాకా మోసుకెళ్లి కోయించుకురావాలా అండీ? పైగా కొంగలకి ఆ రూలు చదివి వినిపించే నాథుడు లేడు. దమ్ము చేసే ట్రాక్టరు వెనక నడవడం అలవాటైన కొంగకి విమానమైనా ఒకటే, ట్రాక్టరైనా ఒకటే.

విమానం దిగింది రెండే సార్లు. అందులో ఎక్కి తిరిగింది కామందు గారి బావమరిది ఒక్కడే. కానీ ఇప్పుడు ఊళ్లో అరవై దాటిన ప్రతివాళ్లూ ఎక్కినవాళ్లే, పైనుంచి మా ఇంటి పెంకులు లెక్కపెట్టానని ఒకాయన ఇప్పటికీ ఒట్టేసి చెప్తాడు. వాళ్లిల్లు అప్పటికి తాటాకిల్లు!

ఆ రన్‌వేని ఏ ప్రభుత్వమూ మూయలేదు. కౌలు మూసింది. రెండు పంటలకీ కలిపి ఎకరానికి పాతిక బస్తాలు వేసుకున్నా ఏడాదికి 112 బస్తాలు వదులుకుని అల్లుడు గడ్డి పెంచుతున్నాడని తెలిసి అత్తగారు రెండు రోజులు అన్నం ముట్టలేదట. ముందు గేదెలొచ్చాయి, గడ్డి వాటికి బాగా నచ్చింది. గాలి ఎటు వీస్తుందో చూపించే గుడ్డసంచీ దిష్టిబొమ్మకి చొక్కా అయింది. తర్వాత వరి, ఆ తర్వాత మామూలే, రొయ్యల చెరువు. పురుగుమందు కొట్టడానికి ఇప్పుడు డ్రోను వస్తోంది, అది పది నిమిషాల్లో ఎకరం కొట్టేసి నులకమంచమంత జాగాలో దిగిపోతుంది. దానికి ఏ కామందూ అక్కర్లేదు.

మొన్న ప్లాట్ల బ్రోకరొకడు మా బావకి ఫోన్ చేసి, "రన్‌వే ఫేసింగ్ అండి, రేపు ఎయిర్‌పోర్టు వచ్చిందంటే రేటు మీరే చూస్తారు" అన్నాడట. బావ పనిగట్టుకుని వెళ్లి చూసొచ్చాడు. చెరువులో నీళ్లకి గాలి కలిపే ఏరేటర్లు నీళ్లు చిమ్ముకుంటూ గిరగిరా తిరుగుతున్నాయట.

"ఇంజను స్టార్టయింది బావా, ఇంకా లేవట్లేదంతే" అన్నాడు.