పైసా పుట్టకముందే పంచుకున్నారు

రాక్ బ్యాండ్లు ఎందుకు విడిపోతాయని అడిగితే అహాలు, మత్తుమందులు, ప్రేమ గొడవలు అంటారు. నేనైతే ముందు ఆల్బమ్ అట్ట తిప్పి చూస్తాను. పాట కింద ఎవరి పేరుంది? అమెరికాలో ఎఫ్ఎం రేడియోలో పాట మోగితే రాయల్టీ అందేది దాన్ని రాసి, బాణీ కట్టినవాళ్లకే. వాయించినవాళ్లకు పైసా రాదు. ఒకే వ్యానులో తిరిగిన నలుగురిలో ఒకడు ఇల్లు కొనుక్కుంటాడు, డ్రమ్మర్ అద్దె కడుతూనే ఉంటాడు. కచేరీలో పక్కపక్కనే నిలబడాల్సింది మాత్రం ఆ ఇద్దరే.

ఆర్.ఇ.ఎం. అనే అమెరికన్ రాక్ బ్యాండు ఈ చిక్కును మొదట్లోనే తెంచేసింది.

అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని ఏథెన్స్, ఒక యూనివర్సిటీ ఉన్న ఊరు. అట్లాంటాలో ఉండే మనవాళ్లకు కారులో గంటన్నర దూరం. అక్కడ ఒక రికార్డుల షాపులో పీటర్ బక్ గుమాస్తా, మైకేల్ స్టైప్ తరచూ వచ్చే కుర్రాడు. అదే రాష్ట్రంలోని మేకన్ నుంచి వచ్చిన బిల్ బెర్రీ, మైక్ మిల్స్ వీళ్లకు తోడయ్యారు. స్టైప్ గాయకుడు, బెర్రీ డ్రమ్మర్. 1980 ఏప్రిల్ 5న, తాము అద్దెకుంటున్న పాత చర్చిలో, ఒక స్నేహితురాలి పుట్టినరోజుకు తొలిసారి వాయించారు. అప్పటికి బ్యాండుకు పేరు కూడా లేదు.

వాళ్ల ఒప్పందం చాలా మామూలుది. ఎవరు రాసినా పాట కింద నలుగురి పేర్లూ ఉంటాయి, డబ్బు నాలుగు సమాన వాటాలు. ఏ నిర్ణయమైనా ఒక్కరు వద్దంటే ఆగిపోతుంది. ఆస్తి చేతికొచ్చాక అన్నదమ్ములు పంపకాలకు కూర్చుంటే ఏమవుతుందో మనకు ఒకరు చెప్పక్కర్లేదు. వీళ్లు చేతిలో చిల్లిగవ్వ లేనప్పుడే ఆ పని కానిచ్చేశారు.

ఇది ఉత్త మంచితనం అనుకోను. మంచి వ్యాపారం కూడా. వాటా ఎలాగూ సమానమే కాబట్టి, ఆల్బమ్‌లో నా పాటే ఉండాలని కొట్లాడాల్సిన పని ఎవరికీ లేదు. డ్రమ్మర్ కూడా ధైర్యంగా బాణీ పట్టుకొస్తాడు. తొలి ఆల్బమ్ ‘మర్మర్’లో ‘పర్ఫెక్ట్ సర్కిల్’ సంగీతం ప్రధానంగా బెర్రీదే. వేరే బ్యాండులో అయితే ఆ బాణీ బయటికి వచ్చేదో లేదో.

1981లో తొలి సింగిల్ (విడిగా విడుదల చేసే పాట రికార్డు) ‘రేడియో ఫ్రీ యూరప్’ను ఒక చిన్న కంపెనీ మొదట వెయ్యి కాపీలు వేసింది. కాలేజీ రేడియోలు దాన్ని పట్టుకున్నాయి, న్యూయార్క్ టైమ్స్ ఆ ఏడాది పది మేటి సింగిల్స్‌లో చేర్చింది. 1982లో ఐ.ఆర్.ఎస్. రికార్డ్స్ అనే కంపెనీ బ్యాండును తీసుకుంది. అదేమీ ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఆ కంపెనీ యజమాని తమ్ముడు కచేరీల ఏజెంటు, అతను బెర్రీకి మేకన్‌లో పని చేసినప్పటి నుంచీ తెలుసు. స్వయంకృషి కథలు చెప్పేటప్పుడు ఈ పరిచయాల సంగతి మింగేయడం అన్నిచోట్లా ఉన్నదే.

వద్దనే హక్కు అసలు పరీక్షకు నిలిచింది ‘మర్మర్’ దగ్గరే. కంపెనీ ముందు పంపిన రికార్డింగ్ నిర్మాత మెట్రోనోమ్ (తాళం లెక్క చెప్పే పరికరం) టిక్కులకు తగ్గట్టు మళ్లీ మళ్లీ వాయించమన్నాడు. వీళ్లకు అది పడలేదు. తమ తొలి సింగిల్ రికార్డు చేసిన మిచ్ ఈస్టరే కావాలని పట్టుబట్టారు. తల్లిదండ్రుల ఇంటి గ్యారేజీలో స్టూడియో నడుపుకునే మనిషి అతను. డాన్ డిక్సన్‌తో కలిసి ఈ ఆల్బమ్ అతనే చేశాడు. స్టైప్ గొణుగుడులో సగం మాటలు అర్థం కావు. అయినా మైకేల్ జాక్సన్ ‘థ్రిల్లర్’ ఊపేస్తున్న 1983లో రోలింగ్ స్టోన్ పత్రిక విమర్శకులు ఆ ఏటి మేటి ఆల్బమ్‌గా ‘మర్మర్’నే ఎంచారు.

మెదడులో రక్తనాళం చిట్లి బతికి బయటపడిన బెర్రీ, 1997లో బ్యాండు వదిలి పొలం పనికి వెళ్లిపోయాడు. తను పోతే బ్యాండు ఆగిపోయేట్టయితే మానేయనని ముందే చెప్పాడు. మిగతా ముగ్గురూ కొనసాగారు. ఆ తర్వాత వచ్చిన కొత్త పాటల కింద మూడు పేర్లు పడ్డాయి.