నుదుటి మీద వెండి

మా కెమిస్ట్రీ ల్యాబ్‌ చూసుకునే ఆయన్ని అందరూ ‘అన్నా’ అనే పిలిచేవాళ్ళు. ఆయనకంటే పెద్దవాడైన డిపార్ట్‌మెంట్ హెడ్ గారు కూడా. తిరుపతిలో మా యూనివర్సిటీకి ఎంతమంది ప్రొఫెసర్లు వచ్చి వెళ్ళినా, ఏ బీరువాలో ఏ సీసా ఉందో తెలిసింది అన్నకి ఒక్కడికే.

చదివింది పదో తరగతి. అయినా సాల్ట్‌ని కాస్త అటూ ఇటూ ఊపి చూసి పేరు చెప్పేసేవాడు. ప్రాక్టికల్ పరీక్షలో ఏ పిల్లాడైనా ఏడుపు మొహం పెడితే, వాడి బల్ల పక్కగా నడుస్తూ దగ్గేవాడు. వాడికిచ్చిన సాల్ట్‌లో లోహం ఏ గ్రూపుదో చెప్పడమన్నమాట. రెండు దగ్గులంటే రెండో గ్రూపు, నాలుగంటే నాలుగు. ఒక ఏడాది సరిగ్గా పరీక్ష రోజే ఆయనకి నిజంగా జలుబు చేసింది. సగం బ్యాచ్ ఆరో గ్రూపు, మెగ్నీషియం అని రాసేసి వచ్చింది.

ఇంత దయామయుడూ సిల్వర్ నైట్రేట్ దగ్గర మాత్రం పరమ పిసినారి. తీర్థం పోసినట్టు పోసేవాడు. టైట్రేషన్, అంటే చుక్కచుక్కగా పోసి కొలిచే పరీక్ష, అయ్యాక మిగిలింది కూడా సింకులో పోయనిచ్చేవాడు కాదు. ఒక పెద్ద సీసాకి ‘హుండీ’ అని చీటీ అంటించి అందులో పోయించేవాడు. “అది నీళ్ళు గాదు నైనా, వెండి” అనేవాడు.

నేను రీసెర్చ్ చేస్తున్న రోజులవి. మే నెల. సిల్వర్ నైట్రేట్ పోసి బోరునీళ్ళలో క్లోరైడ్ ఎంతుందో చూస్తున్నాను. “గ్లౌజులేసుకోరా అబ్బోడా, రేపు పెళ్ళిచూపులు పెట్టుకోని” అన్నాడు అన్న. ఆ ఉక్కలో గ్లౌజులెవడు వేసుకుంటాడు? పైగా అదే చేత్తో నుదుటి చెమట కూడా తుడుచుకున్నాను. మచ్చేమీ కనబడలేదు. ఆ మందు గుణమే అది. చూడ్డానికి మంచినీళ్ళే. వెలుతురు తగిలాకే ఒంటి మీద నల్లగా వెండి తేలుతుంది. గోధుమరంగు సీసాలో దాచేది కూడా వెలుతురు తగలకూడదనే. నన్ను దాచే సీసా ఎక్కడుంది?

మా నాయన లేడు కాబట్టి పెద్ద దిక్కుగా అన్ననే వెంటబెట్టుకుని పొద్దున్నే చిత్తూరు బస్సెక్కాను. ఎండ పడే కిటికీ దొరికింది. చంద్రగిరి దాటాక అన్న నా మొహం వంక అదోలా చూశాడు. పూతలపట్టు దగ్గర కండక్టర్ కూడా చూశాడు. దిగేసరికి నా నాలుగు వేళ్ళూ నల్లన, నుదుటి మీద జుట్టు మొదట్లో వేలెడు వెడల్పున నల్లటి పట్టీ.

పిల్ల తండ్రి నా వేళ్ళు చూశాడు, నుదురు చూశాడు. తర్వాత చూపు జుట్టు మీద నిలిపాడు. “అబ్బాయికి వయసెంతన్నారు?”

“రంగు గాదు సామీ. వెండి. అచ్చమైన వెండి” అన్నాడు అన్న.

“వెండి వ్యాపారం కూడా ఉందా?” అన్నాడు పిల్ల మేనమామ ఉత్సాహంగా.

ఇక లాభం లేదని అన్న చేతిసంచిలోంచి ఒక సీసా, దూది బయటికి తీశాడు. హైపో ద్రావణం, ఆ మచ్చలు కడిగే మందు. ముందుచూపుతో తెచ్చుకున్నాడు మహానుభావుడు. కానీ తడి ఆరకముందు కడిగితే పోయే మచ్చ, రాత్రంతా ఊరాక పోతుందా? పిల్ల కాఫీ తెచ్చే సమయానికి నేను కుర్చీలో తల వెనక్కి వాల్చి ఉన్నాను. అన్న ఒక చేత్తో నా గడ్డం పట్టుకుని రెండో చేత్తో నుదురు బరాబరా రుద్దుతున్నాడు. అచ్చం సెలూన్. ఆమె నవ్వు ఆపుకోలేక ట్రేలోనే సగం కాఫీ ఒలకబోసింది.

సంబంధం కుదిరింది. అయితే మామగారు నా పదో తరగతి సర్టిఫికెట్ తెప్పించుకుని, పుట్టిన తేదీ రెండుసార్లు చూసుకున్నాకే ముహూర్తం పెట్టించారు. వెండి కథ మాత్రం ఇప్పటికీ నమ్మరు.

అన్న పోయి రెండేళ్ళయింది. ‘హుండీ’ సీసా ఇంకా ఆ బీరువా కిందే ఉంది. పారబోయడానికి ఎవరికీ చేతులు రావు.

నాకిప్పుడు జుట్టు నిజంగానే నెరిసింది. నెలకోసారి రంగు వేసుకుంటున్నాను. గ్లౌజులు తొడుక్కునే.