మన కప్పు, మన మేకులు

డాలస్ శివార్లలోని ఫ్రిస్కో, ప్లేనో వైపు వడగళ్లు పడిన మర్నాడే తలుపు తట్టే రూఫర్ల, అంటే ఇంటికప్పు వేసే కాంట్రాక్టర్ల, బెడద పోవాలంటే దారి ఒక్కటే: మన ఇంటి షింగిల్స్, అంటే కప్పు మీద పరిచే తారు పలకలు, మనమే వేసుకోవాలి. టెక్సాస్‌లో రూఫింగ్ పనికి రాష్ట్ర లైసెన్సంటూ లేదు. వాళ్లకే అక్కర్లేనిది మనకెందుకు? పైగా మనకు మాస్టర్స్ డిగ్రీ ఉంది.

బీమా ఉంది కదా అంటారు. ఉంది. 4 లక్షల డాలర్ల కవరేజీకి 2 శాతం డిడక్టబుల్, అంటే బీమావాళ్లు ఇవ్వకుండా మనకు వదిలేసే వాటా. 8 వేలు మన జేబులోంచే. "అది మేం చూసుకుంటాం లెండి" అని రూఫర్ కన్నుగీటే ముచ్చట కూడా, దాన్ని నిషేధించిన 2019 టెక్సాస్ చట్టంతో తీరిపోయింది. ఆ 8 వేలను రూపాయల్లోకి మార్చి చూసుకున్నవాడికి నిద్రెలా పడుతుంది?

ఇక పనంటారా, ఏముంది! మూడు కట్టలు పరిస్తే 100 చదరపు అడుగులు, అదే ఒక స్క్వేర్. కట్ట బరువు సుమారు 30 కిలోలు. 30 స్క్వేర్ల కప్పుకు 90 కట్టలు. ఆవకాయతో సహా 23 కిలోల సూట్‌కేసులు మోసిన జాతికి ఇదో లెక్కా? షింగిల్ అడుగున ఉండే తారు పట్టీ ఎండకు మెత్తబడి అంటుకోవాలి. డాలస్ జులై ఎండ ఆ సేవ ఉచితంగా చేస్తుంది, మన మోకాళ్లకు కూడా.

షింగిల్‌కు నాలుగు మేకులు, గాలి ఎక్కువున్న చోట ఆరు, అన్నీ షింగిల్ మీద మేకుల కోసం గీసిన గీత మీదే. గీత దాటి పైకి కొడితే గాలికి లేస్తుంది, మరీ లోతుగా దిగితే చిరుగుతుంది. నిజానికి నీళ్లు కారేది ఎక్కువగా చిమ్నీ దగ్గరా, గోడ కలిసే చోటా. అక్కడ రేకు ముక్కల్ని వరసవరసకీ షింగిల్స్ మధ్య దూర్చుకుంటూ పోవాలి. మన సాఫ్ట్‌వేర్ ఇంజినీరు మాత్రం సీలెంట్ ట్యూబు పిండేసి, మిగతాది తర్వాతి స్ప్రింట్‌కు వాయిదా వేస్తాడు. ఆరడుగులు దాటిన ఎత్తులో పనివాళ్లకు పడకుండా రక్షణ ఉండాలని ఫెడరల్ నిబంధన. మనం పనివాళ్లం కాదు, ఓనర్లం. ఆ తేడా భూమ్యాకర్షణకు నచ్చజెబితే చాలు.

"చదవకపోతే తాపీమేస్త్రీ వెనక సిమెంటు మోస్తావురా" అని పెంచిన నాన్నగారు విజిటర్ వీసా మీద వచ్చి కింద నిచ్చెన పట్టుకుంటారు. పక్కింటి మీద మెక్సికో నుంచి వచ్చిన కూలీలు పొద్దున ఎక్కి సాయంత్రానికి కప్పంతా ముగించి దిగిపోతారు. అటు చూడకండి. అదీ ఒక విద్యేనని ఒప్పుకుంటే నా ప్రతిపాదన కూలిపోతుంది.

చివరికి హెచ్‌ఓఏ, అంటే కాలనీ ఇళ్ల యజమానుల సంఘం, నుంచి ఉత్తరం వస్తుంది. మేకులు గీత మీద పడ్డాయా, చిమ్నీ దగ్గర రేకుందా అన్నది వాళ్లకు పట్టదు. అనుమతి లేకుండా ఆ రంగు షింగిల్స్ ఎందుకు వేశారో మాత్రం సంజాయిషీ ఇవ్వాలట.