విదేశీ ప్రభావం అంటే నేనే

బెంగళూరు మారతహళ్లిలో 22 ఏళ్లుగా ఉంటున్నాను గానీ నా మాటకు విలువ ఇచ్చిన పాపాన పోయినవాళ్లు లేరు. అపార్ట్‌మెంట్ మీటింగులో నోరు విప్పగానే అందరికీ టీ గుర్తొస్తుంది. ఆటోవాడు మీటరు వెయ్యడు, మా ఆవిడ రిమోట్ ఇవ్వదు. అలాంటి నన్ను చివరికి గుర్తించింది అమెరికా ప్రభుత్వం.

వర్జీనియాలో ఉన్న మా అల్లుడికి సిటిజన్‌షిప్ వచ్చింది. ఇప్పుడు సెక్యూరిటీ క్లియరెన్స్, అంటే ప్రభుత్వ రహస్యాలు చూడనిచ్చే అనుమతి, కావాల్సిన ఉద్యోగం చూసుకున్నాడు. దానికి ఎస్ఎఫ్-86 అని ఒక ఫారం, వంద పేజీల పైనే ఉంటుంది. కన్నవాళ్లూ తోబుట్టువులే కాదు, అత్తమామల సంగతీ రాయాలి: ఎక్కడ పుట్టారు, ఎక్కడ పనిచేశారు, విదేశీ ప్రభుత్వంతో సంబంధం ఉందా, నువ్వు వాళ్లతో మాట్లాడేది రోజూనా, వారానికోసారా, నెలకోసారా. పెళ్లిచూపులప్పుడు మేం కూడా ఇంత ఆరా తియ్యలేదు. నేను రిటైరైంది ఇక్కడి ఒక ప్రభుత్వ రక్షణ సంస్థలో, క్యాంటీన్ లెక్కలు చూసే సెక్షన్ నుంచి. ఇడ్లీల లెక్క తప్ప నా దగ్గర రహస్యాల్లేవు, అది మాత్రం చచ్చినా చెప్పను.

మనవాళ్లు అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు చూడమన్నారు, వాళ్లు ఏడేళ్లతో సరిపెట్టుకున్నారు. గత 7 ఏళ్లలో ఆప్యాయతతోనో బాధ్యతతోనో దగ్గరగా మెలిగిన విదేశీయుల పేర్లన్నీ రాయాలట. మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో 83 మంది ఉన్నారు. పొద్దున్నే గులాబీ పువ్వు పంపే కడప బాబాయిది ఆప్యాయతా, బాధ్యతా అని అల్లుడు రెండు రోజులు తల పట్టుకున్నాడు.

క్లియరెన్స్ ఇవ్వాలా వద్దా అని తేల్చడానికి 2017 నుంచి అమల్లో ఉన్న నిబంధనల్లో 13 అంశాలున్నాయి, అందులో రెండోది 'విదేశీ ప్రభావం'. అంటే పరాయి దేశంలో ఉన్న చుట్టాలను అడ్డం పెట్టుకుని ఎవరైనా మనిషిని లొంగదీస్తారేమోనని భయం. భయపడాల్సిందే మరి. దేవనహళ్లి దగ్గర అల్లుడి పేరున ఒక సైటు, అదే ఇళ్ల స్థలం, ఉంది (విదేశీ ఆస్తి కదా, అదీ ఫారంలో ఎక్కాలి), అమ్మెయ్ బాబూ అని మూడేళ్లుగా ఒత్తిడి తెస్తున్నాను, ఇంతవరకూ లొంగలేదు. కావాలంటే అతని మనోనిబ్బరం మీద అమెరికాకి సర్టిఫికెట్ రాసిస్తాను.

అన్నిటికంటే నాకు నచ్చింది ఇంకోటి. క్లియరెన్స్ తగాదాలు తేల్చే అక్కడి అప్పీళ్ల బోర్డు, భార్య తరఫువాళ్ల మీద కూడా మనిషికి అభిమానమో బాధ్యతో ఉంటుందనే ముందుగా అనుకుంటుంది, అలాంటిదేం లేదనుకుంటే ఆ సంగతి అతనే రుజువు చేసుకోవాలి. మూడు సంక్రాంతులు పిలిచి గారెలూ అరిసెలూ పెట్టినా మేం సాధించలేనిది!

ఇక రాకపోకలు అరుదుగా, మొక్కుబడిగా ఉంటే అది అతనికి అనుకూలమేనట. అల్లుడు ఫోన్ చేసి నాలుగు నెలలైంది. మా ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంటే, 'ఏడవకే, పాపం సాక్ష్యం పోగేసుకుంటున్నాడు' అని సర్దిచెప్పాను.

నిన్న రాత్రి అమ్మాయి చేసింది. పక్కనుంచి సన్నగా అతని గొంతు వినపడింది: "సైటు ఇప్పుడు ఎంత పలుకుతోందో మామయ్యగారిని అడుగు, నేనడిగానని మాత్రం చెప్పకు."