గండభేరుండం బొమ్మ సరే, దాని గొడవ ఏమైంది?

బెంగళూరులో ఉండే మనవాళ్లు గండభేరుండాన్ని రోజూ చూస్తూనే ఉంటారు, పట్టించుకోరు అంతే. కేఎస్‌ఆర్‌టీసీ బస్సు మీద, ప్రభుత్వ కాగితాల మీద ఉండే రెండు తలల పక్షి అదే. ఇదే ఊళ్లో కామిక్సులు, గేములు, వెబ్ సిరీస్‌లు రాసే కుర్రాళ్లకు మాత్రం ఫాంటసీ అనగానే రెక్కల డ్రాగన్ గుర్తొస్తుంది, మరీ మనదనం కావాలంటే దాని నుదుటన ఓ నామం పెడతారు. ఆ డ్రాగన్‌కైనా దాని నేల ఉంది. ఆస్ట్రియాలోని క్లాగెన్‌ఫుర్ట్‌లో 16వ శతాబ్దపు డ్రాగన్ విగ్రహానికి తల చెక్కింది అక్కడ దొరికిన ఓ పుర్రెను చూసి, అది మంచుయుగం నాటి ఖడ్గమృగానిదని ఎప్పటికో తేలింది. మనం పుర్రెనూ వదిలేసి విగ్రహాన్నే దిగుమతి చేసుకున్నాం.

ఇంతకీ గండభేరుండం ఎందుకు పుట్టినట్టు? హిరణ్యకశిపుణ్ణి చంపాక కూడా నరసింహస్వామి కోపం చల్లారకపోతే శివుడు సింహాన్ని కూడా పట్టే శరభమనే వింత మృగమై వచ్చి అణిచాడని శైవులు చెప్పారు. వైష్ణవులు ఊరుకుంటారా, నరసింహుడే గండభేరుండమై ఆ శరభాన్ని పట్టాడన్నారు. పంతం పెరిగేకొద్దీ జంతువూ పెరిగిందన్నమాట. బేలూరు చెన్నకేశవాలయంలో ఓ శిల్పం ఉంది: జింకను కొండచిలువ, దాన్ని ఏనుగు, ఏనుగును సింహం, సింహాన్ని శరభం, శరభాన్ని గండభేరుండం పట్టుకుని ఉంటాయి, ఇదంతా ఓ ముని చూస్తుంటాడు. నన్నడిగితే కథ ఆ ముని వైపు నుంచి రాయాలి, ఎందుకంటే గండభేరుండాన్ని పట్టేది ఇంకోటి వస్తుందేమోనన్న టెన్షన్ ఉన్నది అతనొక్కడికే. రాజులకు ఆ టెన్షన్ లేదు, ఆ పక్షి తమదే అనుకున్నారు. విజయనగరపు అచ్యుతదేవరాయల నాణేల మీద అది ముక్కులతో, గోళ్లతో ఏనుగుల్ని ఎత్తుకుపోతుంటుంది, ఏనుగులతో యుద్ధాలు చేసే కాలంలో ఆ బొమ్మ ఎవరిని బెదిరిస్తోందో వేరే చెప్పాలా?

ఇలాంటివి గుళ్లోనే పుట్టాలని ఏమీ లేదు. 1990ల్లో బెంగళూరు తలుపుల మీద ‘నాళె బా’, అంటే కన్నడలో ‘రేపు రా’, అని రాసుకున్నారు, మన ఊళ్ల గోడల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని ఉండేది. ఆ రాత ఓ ఆడదయ్యం కోసం: రాత్రి వచ్చి ఇంట్లోవాళ్ల గొంతుతో పిలుస్తుంది, పలికితే ప్రాణం పోతుంది. కానీ ఆ రాత కనిపిస్తే బుద్ధిగా చదువుకుని వెళ్లిపోతుంది, మర్నాడు వచ్చి మళ్లీ అదే చదువుతుంది. చదువొచ్చిన దయ్యం, పైగా మాట వింటుంది! సినిమాలవాళ్లు దీన్ని ఎక్కువగా నవ్వులకే వాడుకున్నారు, నాకైతే అందులోని భయం ఇంకా పాతబడలేదనిపిస్తుంది. అయినవాళ్ల గొంతును నమ్మాలా వద్దా అన్నదేగా ఆ భయం. ఇప్పుడు ఏఐతో గొంతు కాపీ కొట్టి, కొడుకులా ఏడుస్తూ అర్జెంటుగా డబ్బు పంపమని తల్లికి ఫోన్ చేసే మోసగాళ్లు వచ్చేశారు. ఈ దయ్యానికి ఎక్కడ, ఏమని రాసి పెట్టాలో తేల్చే కథ ఒకటి ఎవరైనా రాస్తే ముందు నేనే చదువుతాను.